అమ్మకు క్యాన్సర్ తిరగబెట్టింది, ఎవరితోనూ మాట్లాడటం లేదు. ఏం చేయాలి? (నల్గొండ)

రొమ్ము క్యాన్సర్ ఇప్పుడు ఎముకలో కనిపించిందన్నారు. అది ఎముక క్యాన్సర్ కాదు, పాతదే. మందులూ దానికే ఇస్తారు. మొదటి చికిత్సకు చిక్కని కణాలు ఏళ్ల తరబడి నిద్రాణంగా ఉండి మళ్లీ పెరగగలవు. పత్యం తప్పినందుకే వచ్చిందని చుట్టాలంటే అక్కడే ఆపండి. వీలైతే ఇప్పుడు క్యాన్సర్ కనిపించిన చోటి నుంచి మళ్లీ చిన్న ముక్క తీసి (బయాప్సీ) హార్మోన్, హెర్‌2 (క్యాన్సర్ కణాలపై ఉండే ఒక ప్రొటీన్) పరీక్షలు చేస్తారేమో అడగండి. ఫలితం మారితే చికిత్సా మారవచ్చు.

ఇక తోడు. పూర్తిగా నయమైనవారి ధైర్యవచనాలు ఇప్పుడామెకు గుచ్చుకోవచ్చు. రెండోసారి చికిత్సలో ఉన్నవారే కావాలి. హైదరాబాద్ రెడ్‌హిల్స్‌లోని ఎంఎన్‌జే ప్రభుత్వ క్యాన్సర్ ఆసుపత్రికి నల్గొండ, పాలమూరు వాళ్లూ వస్తారు. అలాంటివారు ఒప్పుకుంటే పరిచయం చేయమని నర్సును అడగండి. మాట్లాడేటప్పుడు మీరు కాస్త పక్కకు వెళ్లండి. పిల్లల ముందు తల్లులు భయం చెప్పుకోరు. వాళ్ల మందుల చీటీ మాత్రం అమ్మకు వాడకండి.