కాలి పుండుకు ‘పవర్ సూది’ అడుగుతున్న పాడి రైతుకు

సందేహం: మా ముర్రా బర్రె రెండో ఈతది. మేపుకొని వస్తుంటే రోడ్డు మీద ఆటో తగిలి, పక్కనున్న బత్తాయి తోట ముళ్లకంచె మీద పడింది. వెనక ఎడమ కాలికి, పెద్ద కీలుకూ గిట్టకూ మధ్య లోతుగా చీలింది. ఇప్పటికి 25 రోజులు. ఆ రోజే పసుపు దట్టించాం. పురుగులు పడితే ఫినాయిల్ పోశాం. మందుల షాపు ఆయన ఇచ్చిన సూదులు ఏడు వేయించాం. పైకి మానుతుంది, నాలుగు రోజులకు అదే చోట చిల్లు పడి చీము కారుతుంది. మేత బాగానే తింటోంది గానీ, పూటకు 4 లీటర్లు ఇచ్చేది 3కు దిగింది. ఆ పాలు తోడు పెడితే పెరుగు కావడం లేదు. కాలిలోని విషం పాలకు ఎక్కిందని ఊళ్లో అంటున్నారు. ఇంతకన్నా పవర్ ఉన్న సూది మందు పేరు చెప్పగలరు.
– ఒక పాడి రైతు, నకిరేకల్ మండలం, నల్లగొండ జిల్లా

సలహా: ముందు పెరుగు సంగతి. కాలిలోంచి పాలలోకి విషం ఏమీ ఎక్కలేదు. మీరు వేయించిన ఏడు సూదుల యాంటీబయాటిక్ పాలలోకి దిగింది. అది తోడులోని మంచి సూక్ష్మజీవుల్ని కూడా చంపేస్తుంది, అందుకే పాలు తోడుకోవడం లేదు. మందు సీసా మీద ‘ఇన్ని రోజులు పాలు వాడరాదు’ అని రాసి ఉంటుంది. రాసి లేకపోతే కనీసం 7 రోజులు వాడకూడదని 2012 నుంచి నిబంధన ఉంది. ఆఖరి సూది నుంచి లెక్కపెట్టుకోండి. మీ ఇంట్లో తోడుకోని పాలు ఎక్కడ పోస్తున్నారో మీరు రాయలేదు, నేను ఊహించగలను. అవి పాలకేంద్రంలో పోయొద్దు, పిల్లలకూ పట్టొద్దు, పారబోయండి. నష్టమే, కానీ ఆ నష్టం తెచ్చింది పుండు కాదు, సూదులు.

ఇక పుండు. మీరు పంపిన సీసాల ఫోటోలు చూశాను. ఆక్సీటెట్రాసైక్లిన్ లాంగ్ యాక్టింగ్ 30 మి.లీ. చొప్పున వరసగా రెండు రోజులు, తర్వాత సెఫ్ట్రియాక్సోన్ మూడు రోజులు, మళ్లీ ఇంకోటి రెండు రోజులు. మీ బర్రె 450 కిలోలు ఉందనుకుందాం. ఆ లాంగ్ యాక్టింగ్ మందు 10 కిలోల బరువుకు 1 మి.లీ. లెక్కన 45 మి.లీ. పడాలి, అదీ ఒకే చోట కాకుండా నాలుగైదు చోట్ల కండలోకి లోతుగా. ఒకసారి వేస్తే సుమారు మూడు రోజులు పనిచేస్తుంది, మర్నాడే మళ్లీ వేయనక్కర్లేదు. షాపాయన బర్రె బరువు చూడలేదు, సీసా సైజు చూశాడు. చాలీచాలని మోతాదులో రోజుకో రకం మారిస్తే క్రిములు మొండిబారతాయి తప్ప పుండు మానదు. కాబట్టి ఎనిమిదో సూది పేరు నేను చెప్పను.

నా అనుమానం వేరే. మానినట్టే మాని, అదే చిల్లు నుంచి మళ్లీ చీము వస్తోందంటే లోపల ఏదో మిగిలిపోయింది. కంచె తీగ ముక్క కావచ్చు, తుమ్మ ముల్లు కావచ్చు. లేదా చచ్చిన ఎముక ముక్క. నా మొగ్గు దీని వైపే. ఆ భాగంలో కండ ఉండదు, చర్మం కిందనే ఎముక. దెబ్బకు ఎముక పైపొర చిట్లితే, కింద చిన్న పెళ్లకు రక్తం అందక చచ్చిపోతుంది. దాన్ని బయటికి నెట్టడానికి ఒళ్లు చేసే ప్రయత్నమే ఆ చీము. రక్తమే అందని ముక్కకు సూది మందు ఎలా అందుతుంది? దాన్ని తీసేయాలి. మందులతో కరగదు.

కాబట్టి మీ బర్రెకు కావలసింది ఎక్స్‌రే. చచ్చిన ముక్క విడివడి ఎక్స్‌రేలో కనబడటానికి రెండు మూడు వారాలు పడుతుంది, 25 రోజులంటే సరైన సమయమే. మీ మండల పశువైద్యుడికి చూపించి, జిల్లా కేంద్రం ఆసుపత్రిలో ఎక్స్‌రే పనిచేస్తోందో లేదో ఆయన చేతే ఫోన్ చేయించి బయల్దేరండి. లేదంటే రాజేంద్రనగర్ పశువైద్య కళాశాల శస్త్రచికిత్స విభాగానికి తీసుకెళ్లండి. బండిలో వరిగడ్డి మందంగా పరవండి, జారితే ఉన్న కాలు కూడా పోతుంది. మత్తిచ్చి ముక్క తీసేస్తే ఇలాంటి పుండ్లు చాలావరకు మానిపోతాయి. మీరు మాత్రం పుల్ల పెట్టి కెలికి చూడొద్దు. పైనున్న కీలు వాచి, గుడ్డు తెల్లసొనలా జిగట నీరు కారినా, కాలు నేల మీద మోపకపోయినా ఒక్క రోజు కూడా ఆగొద్దు, పశువుల అంబులెన్స్ నంబరు 1962కు ఫోన్ చేయండి.

అంతవరకు రోజుకు ఒకసారి ఇలా చేయండి. లీటరు నీళ్లు మరగబెట్టి, 9 గ్రాముల ఉప్పు, అంటే సుమారు ఒకటిన్నర టీ చెంచా, కలిపి చల్లార్చండి. పుండు చుట్టూ ఒక అంగుళం వెంట్రుకలు కత్తిరించండి. సూది తీసేసిన 50 మి.లీ. సిరంజితో ఆ నీళ్లు చిల్లు మీద, చుట్టూ చిమ్మి కడగండి. ఉడకబెట్టి ఆరేసిన గుడ్డతో అద్ది, 5 శాతం పొవిడోన్ అయోడిన్ ఆయింట్‌మెంట్ రాయండి. దూది మెత్త పెట్టి, గిట్ట దగ్గర మొదలుపెట్టి పైకి కట్టు కట్టండి. కట్టులో రెండు వేళ్లు దూరాలి. కింద వాపు వస్తే బిగువైందని అర్థం, వెంటనే వదులు చేయండి. ఈగలు వాలకుండా పుండు అంచుల బయట వేపనూనె రాయండి, లోపల కాదు. మళ్లీ పురుగులు పడితే టర్పెంటైన్‌లో తడిపిన దూది పది నిమిషాలు ఉంచండి, గాలాడక అవే పైకొస్తాయి. చిన్న పట్టకారుతో తీసి, ఉప్పునీళ్లతో కడిగేయండి. మర్నాడు మళ్లీ చూడండి, ఒక్కరోజులో అన్నీ రావు. ఫినాయిల్, కిరోసిన్, పాత ఇంజన్ ఆయిల్ పురుగుల్ని చంపుతాయి నిజమే, కొత్తగా పుట్టే కండను కూడా కాల్చేస్తాయి. మానేదాకా బర్రెను చెరువులో దించొద్దు. అది కుంటలో కూర్చుంటే మీ కట్టు వృథా.

నొప్పికి మెలాక్సికామ్ చాలు, కిలోకు అర మిల్లీగ్రాము, డాక్టరు చేత వేయించండి. దానికీ పాలు ఆపే గడువు ఉంటుంది, అడగండి. డైక్లోఫెనాక్ పశువులకు 2006 నుంచే నిషిద్ధం, కీటోప్రొఫెన్, ఎసిక్లోఫెనాక్ 2023 నుంచి. షాపులో మనుషుల డైక్లోఫెనాక్ చేతిలో పెడితే తీసుకోవద్దు. ఆ మందు పడిన పశువుల కళేబరాలు తినే రాబందులు చాలావరకు అంతరించిపోయాయి. ధనుర్వాతం టీకా దెబ్బ తగిలిన రోజే పడాల్సింది, ఆపరేషన్‌కు ముందైనా గుర్తుచేసి వేయించుకోండి.

ఆ మొదటి రోజు పొరపాటు కూడా చెబుతాను, మీ దొడ్లోని మిగతా పశువులకు రేపు పనికొస్తుంది. మట్టి, పేడ, తుప్పు అంటిన గాయం మీద పసుపు దట్టిస్తే మురికికి మూత పెట్టినట్టే. ముందు పంపు దగ్గర పది నిమిషాలు ధారగా కడగాలి. పసుపు తర్వాత చూసుకోవచ్చు. కుట్లు పడాల్సిన గాయమైతే ఆరేడు గంటల్లోపు డాక్టరు దగ్గర ఉండాలి, మర్నాడు తీసుకొస్తే కుట్టలేం.

మీ బర్రె మేత తింటోంది, అది మంచి గుర్తు. ఒంటి వేడి 103 డిగ్రీల ఫారన్‌హీట్ దాటితే మాత్రం కథ వేరే, అప్పుడు యాంటీబయాటిక్ ఏది, ఎంత అనేది చూసిన డాక్టరు రాస్తారు. ఈసారి ఫోటో పంపేటప్పుడు పుండు కడిగి తీయండి. మీరు పంపిన దాంట్లో పసుపు తప్ప ఏమీ కనబడలేదు.