ర్యాక్‌లో యాంప్లిఫయర్ బిగించబోతున్న మేనల్లుడికి

చిరంజీవి మురళికి,

స్పీకర్లను నడిపే రెండు ఛానళ్ల ర్యాక్ యాంప్లిఫయర్ (పరికరాలను బిగించే చట్రం, అంటే ర్యాక్‌లో పెట్టేది) చేతికొచ్చిందని రాశావు. సంతోషం. దాని నాబ్ ఎంతలో పెట్టాలని అడిగావు. చెబుతాను కానీ, అది వరుసలో చివరికి రావలసిన ప్రశ్న. స్విచ్ వేయకముందే తేలవలసిన లెక్కలు చాలా ఉన్నాయి.

ముందు బిగింపు సంగతి. యాంప్ ముందు పలక 19 అంగుళాల వెడల్పు. ఎత్తును యూనిట్లలో లెక్కిస్తారు, ఒక్కో యూనిట్ 1.75 అంగుళాలు. బరువైనదాన్ని ర్యాక్ అడుగున పెట్టు. ముందు పలక చెవులకు, అంటే పక్క అంచులకు, నాలుగు స్క్రూలు వేసి సరిపెట్టకు. పెద్ద ట్రాన్స్‌ఫార్మర్ ఉన్న యాంప్‌ను చెవుల మీదే నిలబెడితే బండి కుదుపులకు పలక వంగిపోతుంది. వెనక కూడా ఆధారం ఇవ్వాలి. ఫ్యాను గాలి ఎటు పోతోందో చెయ్యి అడ్డం పెట్టి చూడు. కొన్నిటిలో ముందు నుంచి వెనక్కి, కొన్నిటిలో వెనక నుంచి ముందుకు పోతుంది. రెండు రకాలనూ ఒకే ర్యాక్‌లో పెడితే ఒకటి వదిలిన వేడిగాలిని ఇంకొకటి పీల్చుకుంటుంది. స్పాంజి ఫిల్టర్ ఉంటే అప్పుడప్పుడు తీసి దులుపు. ర్యాక్ పెట్టెకు ముందూ వెనకా మూతలుంటే పని నడిచినంతసేపూ రెండూ తీసి ఉండాలి. పని తెలిసినవాళ్లు కూడా వెనక మూత తీయడానికి బద్ధకిస్తారు.

ఇక అసలు విషయం లోడు, అంటే యాంప్ మీద పడే స్పీకర్ల భారం. నీ స్పీకర్ బాక్సులు 8 ఓమ్‌లవి (ఓమ్ అంటే కరెంటుకు అడ్డుపడే నిరోధానికి కొలత) అన్నావు. ఛానల్‌కు ఒక బాక్సు పెడితే 8 ఓమ్‌లు, రెండింటిని పారలల్‌గా కలిపితే 4, నాలుగు కలిపితే 2. ఒక్కో బాక్సుకు వెనక రెండు సాకెట్లు ఉంటాయి కాబట్టి ఒకదాని నుంచి ఇంకొకదానికి తీగ లాగడం చాలా సులువు. అలా లాగిన ప్రతిసారీ ఓమ్‌లు పడిపోతున్నాయని మరిచిపోవడం అంతకన్నా సులువు. ఒక ఛానల్ 8 ఓమ్‌ల మీద 800 వాట్లు ఇస్తోందనుకో. అప్పుడు అది 80 వోల్టులు పెట్టి 10 ఆంపియర్లు తోస్తోంది. అదే 80 వోల్టులను 2 ఓమ్‌ల మీద నిలబెట్టాలంటే 40 ఆంపియర్లు కావాలి. యాంప్ కొంతదూరం లాక్కొస్తుంది, కాగిపోతుంది, ఆ తర్వాత ప్రొటెక్ట్ దీపం వెలిగించి మూగబోతుంది. వెనక పలక మీద 2 ఓమ్‌లు అని ముద్రించి ఉన్నా, గంటల తరబడి నడిచే పనికి నేను 4 కిందికి దించను.

బ్రిడ్జ్ గురించి, అంటే రెండు ఛానళ్లనూ కలిపి ఒకటిగా వాడే మోడ్ గురించి కూడా అడిగావు. అందులో రెండు ఛానళ్లు రంపానికి చెరో వైపు నిలబడ్డ ఇద్దరిలా పనిచేస్తాయి, ఒకటి నెడితే ఇంకొకటి లాగుతుంది. వోల్టేజీ రెట్టింపవుతుంది. కానీ ఒక్కో ఛానల్‌కు బాక్సు ఓమ్‌లలో సగమే కనిపిస్తుంది. 8 ఓమ్‌ల బాక్సు 4లా, రెండు బాక్సుల జత 2లా తోస్తుంది. పైన చెప్పిన యాంప్‌నే బ్రిడ్జ్‌లో పెడితే స్పీకర్ తీగలో 160 వోల్టుల దాకా ఉండవచ్చు. స్పీకర్ తీగే కదా అని వేలు పెట్టే వోల్టేజీ కాదది. ఏ పిన్నుల మీద కలపాలో వెనక పలక మీద బొమ్మ ఉంటుంది. అది మోడల్‌కో తీరుగా ఉంటుంది కాబట్టి అలవాటు కొద్దీ బిగించకు. మోడ్ స్విచ్‌ను యాంప్ ఆపినప్పుడే మార్చు.

తీగను ఎవరూ లెక్కలోకి తీసుకోరు. 2.5 చదరపు మిల్లీమీటర్ల రాగి తీగకు మీటరుకు దాదాపు 0.007 ఓమ్ నిరోధం. బాక్సు 30 మీటర్ల దూరంలో ఉంటే పోనూ రానూ 60 మీటర్లు, అంటే 0.42 ఓమ్. 8 ఓమ్‌ల బాక్సుకు అందవలసిన పవర్‌లో ఇంచుమించు పదో వంతు ఆ తీగ వల్లే తగ్గిపోతుంది. 4 ఓమ్‌లకు దించితే 18 శాతం, 2 ఓమ్‌లకు దించితే దాదాపు మూడో వంతు. పైగా బాస్ వదులుగా, బిగువు లేకుండా వినిపిస్తుంది. అందుకే ర్యాక్‌ను బాక్సుల దగ్గర పెట్టి, మైకుల, వాద్యాల ధ్వనిని కలిపే మిక్సర్ నుంచి వచ్చే సిగ్నల్ తీగనే పొడవుగా లాగు. బ్యాలెన్స్‌డ్ లైన్ (ఒకే సిగ్నల్‌ను ఒక తీగలో సూటిగా, ఇంకో తీగలో తిరగేసి పంపేది) ఆ దూరాన్ని అలవోకగా మోస్తుంది. దాని మూడు పిన్నుల ప్లగ్గు ఎక్స్‌ఎల్‌ఆర్‌లో 1 షీల్డ్ (పైన చుట్టిన కవచం), 2 హాట్ (సూటి సిగ్నల్), 3 కోల్డ్ (తిరగేసిన సిగ్నల్). ఒక తీగలో 2, 3 తారుమారైతే రెండు వైపుల బాస్ ఒకదాన్నొకటి చంపుకుంటుంది. బాక్సు చెడిపోయిందని విప్పేముందు ఆ సోల్డరింగు చూడు. గిటార్ తీగను మాత్రం స్పీకర్‌కు వాడకు, ఆ సన్నటి తీగ అంత కరెంటును మోయలేదు.

గుయ్‌మని మోత వస్తే ప్లగ్గు ఎర్త్ పిన్ను విరిచేసే మహానుభావులు నీకు తప్పక తారసపడతారు. వాళ్ల మాట వినకు. యాంప్ లోపల ఏదైనా తెగి చట్రానికి తగిలితే, ఆ కరెంటు పోవడానికి మిగిలిన దారి మైకు పట్టుకున్న మనిషి. మిక్సర్‌కూ యాంప్‌లకూ ఒకే చోట నుంచి కరెంటు ఇవ్వు. అప్పటికీ మోత పోకపోతే సిగ్నల్ దారిలో ఐసొలేషన్ ట్రాన్స్‌ఫార్మర్ (తీగ సంబంధం తెంచి సిగ్నల్‌ను మాత్రం దాటించేది) పెట్టు.

యాంప్ ప్లగ్గు పెట్టేముందు మీటరుతో ఫేజుకూ న్యూట్రల్‌కూ మధ్య, న్యూట్రల్‌కూ ఎర్త్‌కూ మధ్య వోల్టేజీ చూడు. మూడు ఫేజుల సరఫరాలో న్యూట్రల్ వదులైతే 230 ఉండవలసిన చోట వోల్టేజీ 400 వైపు పాకవచ్చు. లోడు పడ్డాకే అది బయటపడుతుంది, అందుకని దీపాలన్నీ వెలిగించాక మళ్లీ చూడు. మిక్సర్, ప్రాసెసర్ (సిగ్నల్‌ను సర్దే పరికరం) ముందు వేయాలి, యాంప్‌లు ఆఖరున ఒకటొకటిగా. ఆపేటప్పుడు యాంప్‌లు ముందు.

ఇప్పుడు నీ నాబ్. అది వచ్చే సిగ్నల్‌ను తగ్గిస్తుందే తప్ప యాంప్ సత్తాను తగ్గించదు. సగానికి తిప్పి బాక్సులను కాపాడాననుకుంటావు. మిక్సర్ దగ్గర కూర్చున్నవాడు చాలడం లేదని పెంచుతాడు, అంతే సంగతులు. నీ యాంప్ గెయిన్ (సిగ్నల్‌ను ఎంత పెంచుతుందో చెప్పే అంకె) 26 డెసిబెల్స్ అయితే వోల్టేజీ 20 రెట్లు పెరుగుతుంది, 32 అయితే 40 రెట్లు. 80 వోల్టులు రావాలంటే మొదటిదానికి 4 వోల్టులు, రెండోదానికి 2 వోల్టులు లోపలికి రావాలి. మిక్సర్ మీటరు సున్నా దగ్గర (అంటే మామూలు స్థాయిలో) ఆడుతుండగా, నాబ్‌ను కింది నుంచి మెల్లగా పెంచుతూ, కార్యక్రమం జరిగే చోటికి శబ్దం చాలినంత వచ్చాక ఆపు. అక్కడ టేపు అంటించు. కార్యక్రమం మధ్యలో ఇక దాన్ని ముట్టుకోవద్దు. ఏదైనా మిక్సర్ దగ్గరే.

యాంప్ తన సత్తా దాటినప్పుడు వెలిగే క్లిప్ దీపం డ్రమ్ దెబ్బకు ఒక్కసారి మెరిస్తే కంగారుపడకు. ఆరకుండా వెలుగుతుంటే మాత్రం సిగ్నల్ అల తలలు తెగిపోతున్నాయని అర్థం. సగటు పవర్ పెరిగి స్పీకర్ కాయిల్ కాగుతుంది, అలా పుట్టిన పై స్వరాలు ట్వీటర్ (పై స్వరాలు పలికే చిన్న స్పీకర్) మీద పడతాయి. ఇంకా గట్టిగా కావాలని ఇంకో యాంప్ కోసం వెతక్కు, పవర్ రెట్టింపు చేసినా వచ్చేది 3 డెసిబెల్సే. బాక్సులను ఎత్తులో పెట్టి జనం వైపు తిప్పితే అంతకన్నా ఎక్కువ లాభం.

మిగిలింది లిమిటర్, సిగ్నల్ ఒక హద్దు దాటకుండా ఆపేది. బాక్సు వెనక వాట్లలో మూడు అంకెలు ఉండవచ్చు. కంటిన్యూయస్ (ఆగకుండా మోయగలిగేది), దానికి రెట్టింపు ప్రోగ్రామ్ (ఎగుడుదిగుళ్లుండే సంగీతానికి), నాలుగు రెట్లు పీక్ (క్షణం పాటు). అమ్మేవాళ్లకు పెద్ద అంకె ఇష్టం, నాకు కావలసింది చిన్నది. ఉదాహరణకు 8 ఓమ్‌ల మీద కంటిన్యూయస్ 400 వాట్లంటే 56 వోల్టుల పైచిలుకు. నీ బాక్సుల ఓమ్‌లు, కంటిన్యూయస్ వాట్లు, యాంప్ వెనక రాసిన గెయిన్ అంకె ఒక కాగితం మీద రాసి ఫోటో పంపు. లిమిటర్ ఎన్ని వోల్టుల దగ్గర పెట్టాలో లెక్క వేసి పంపుతాను. అది వచ్చేదాకా బ్రిడ్జ్ జోలికి వెళ్లకు.

ఆశీస్సులతో,
మామయ్య