స్క్రీన్‌షాట్లు పెట్టేముందు ఇది చదువు చిన్నీ

చిన్నీ,

నువ్వు పంపిన స్క్రీన్‌షాట్లన్నీ చూశాను. కళ్ళజోడు పెట్టుకుని మొదటి నుంచి చివరిదాకా, వరస తప్పినచోట మళ్ళీ వెనక్కి వెళ్ళి మరీ చదివాను. నిశ్చితార్థం అయిపోయి, ఫంక్షన్ హాలుకి అడ్వాన్స్ కూడా కట్టేశాక "కారు లేకుండా పెళ్ళి చేస్తే మా చుట్టాల ముందు మా పరువేం కావాలి" అని మెసేజ్ పెట్టినవాళ్ళని ఏమనాలో నాకూ తెలుసు, కానీ అవి ఉత్తరంలో రాసే మాటలు కావు. సంబంధం వద్దనుకున్నారు, మంచి పని చేశారు. ఇప్పుడు ఇవన్నీ ఇన్‌స్టాలో పెట్టేస్తాను, పెట్టనా పెద్దమ్మా అని అడిగావు. వద్దు అని ఒక్క ముక్కలో చెబితే నువ్వు వినవు, అన్నీ మీ నాన్న పోలికలే నీకు. అందుకే పొడుగ్గా రాస్తున్నాను, కోపం కాస్త దిగాక చదువు.

మా రోజుల్లో అందరూ గుట్టుగా బతికారు, మీరే బజారున పడుతున్నారు అని మొదలుపెట్టను. అది అబద్ధం. మేం కార్డు ముక్క మీద రాసిన సంగతులు పోస్ట్‌మాన్ చదివేవాడు, చదువు రానివాళ్ళ ఇళ్ళలో ఆయనే అరుగు మీద కూర్చుని పైకి చదివి వినిపించేవాడు. వీధికి ఒక్క ఫోన్ ఉండేది, మిగతావాళ్ళు లెటర్‌హెడ్ల మీద ఆ పక్కింటి నంబరే వేసుకుని పక్కన 'పీపీ' అని రాసేవాళ్ళు, కాబట్టి మన ఇంటికొచ్చిన ఫోను వాళ్ళ హాల్లో నిలబడి, వాళ్ళందరూ వింటుండగా మాట్లాడాల్సిందే. ఇక నా ఉద్యోగం సంగతి తెలుసుగా, టెలిఫోన్ ఎక్స్‌ఛేంజ్‌లో ట్రంక్ బోర్డు. ఊరు దాటి మాట్లాడాలంటే ముందు మాకు చెప్పి బుక్ చేసుకోవాలి, లైను దొరికాక రెండు వైపులా మేమే కలపాలి, కలిసిందో లేదో చూడాలంటే చెవి పెట్టక తప్పదు. ఎవరింట్లో చావు, ఎవరి పెళ్ళి చెడింది, ఏ షావుకారు మునిగిపోతున్నాడు, ఊరి కంటే ముందు మాకే తెలిసేది. విన్నది బయటపెట్టిన ఉద్యోగికి మూడేళ్ళ దాకా జైలు అని 1885 నాటి టెలిగ్రాఫ్ చట్టంలోనే ఉండేది. అయినా క్యాంటీన్‌లో మాట్లాడుకోలేదా అంటే మాట్లాడుకున్నాం, పేర్లు లేకుండా. అంత మంది విన్నా మా గుట్లు ఎందుకు నిలిచాయంటే, విన్నవాడెవడో మాకు తెలుసు. పోస్ట్‌మాన్ మర్నాడు మళ్ళీ మన గుమ్మంలోకే రావాలి, పక్కింటావిడ పండగకి మనింటికే పిండివంటలు పంపాలి, ఆ మొహమాటం ఉండేది. నీ పోస్టు చూసేవాడికి అది ఉండదు. చూస్తాడు, నవ్వుకుంటాడు, ఇంకో నలుగురికి పంపి పడుకుంటాడు.

ఇంకో మాట కూడా ఒప్పుకోవాలి. కొన్నిటిలో మా కంటే మీ పిల్లలకే పట్టింపు ఎక్కువ, అది మంచిదే. నీ బయోడేటాని జీతం, గోత్రం, ఫోన్ నంబరుతో సహా నిన్నొక మాట అడగకుండా పెళ్ళి సంబంధాల గ్రూపులన్నిటికీ పంపింది మా తరమే కదా. నువ్వు గొడవ పెట్టుకున్నావని మీ అమ్మ నాతో చెప్పుకుని బాధపడింది, నేను నీ వైపే మాట్లాడాను. కానీ అదే మీరు, ఎదుటి మనిషి నమ్మి రాసిన మాట దగ్గరికి వచ్చేసరికి అది మీ సొంతం అన్నట్టే చూస్తున్నారు. అమ్మతో చాట్, హెచ్‌ఆర్‌తో చాట్, మాజీ ప్రియుడితో చాట్, అన్నీ రీల్సే. ఫోన్ నీదే కావచ్చు, అందులో ఎడమ వైపు మాటలు మాత్రం వేరేవాళ్ళవి.

అసలు సంగతికొస్తాను. ఆ చాట్‌లో వాళ్ళ తప్పు ఒక్కటే నీకు కనిపిస్తోంది. నాకు ముందు మీ నాన్న కనిపించాడు. కారు అడిగిన మెసేజ్‌కి సరిగ్గా పైన "మనం అనుకున్న పదిహేను లక్షలు మాఘమాసానికి సర్దుతానండీ" అని ఆయన రాసింది ఉంది. నువ్వు కారు కోసం పెడతావు, జనం ఆ పదిహేను లక్షలు చదువుతారు. 1961 నాటి వరకట్న నిషేధ చట్టం ప్రకారం అడగడమే కాదు, ఇవ్వడమూ పుచ్చుకోవడమూ నేరమే. బాధితులు ఇచ్చిన వాంగ్మూలం పట్టుకుని తిరిగి వాళ్ళ మీదే ఆ చట్టం కింద కేసు పెట్టకూడదని అందులోనే రక్షణ ఉంది, అంటే ఫిర్యాదు చేసినవాళ్ళకి అండ ఉంది, అంతేగానీ ఇన్‌స్టాలో కామెంట్లు పెట్టేవాళ్ళ నోటికి ఏ సెక్షనూ అడ్డం రాదు. "మీ నాన్న మాత్రం తక్కువ తిన్నాడా" అని ఎవడో రాస్తాడు, ఆ రాసింది ఆయన చదువుతాడు, నిద్ర పట్టక లేచి కూర్చుంటాడు. పోనీ ఆ పై లైను కత్తిరించి పెడతానంటావా? అదే చాట్ వాళ్ళ ఫోన్లోనూ ఉంది. మొత్తం వాళ్ళు పెడతారు, అప్పుడు దాచినదానివి నువ్వవుతావు.

తర్వాత ఆ అబ్బాయి చెల్లెలు. ఆ పిల్ల నిన్ను అప్పటికే వదినా అని పిలుస్తూ, తన కాపురంలో ఉన్న ఇబ్బంది, డాక్టరు చెప్పిన మాట, ఇంట్లో అమ్మకి కూడా చెప్పలేదంటూ రాసింది. అవి నువ్వు పెట్టబోయే పదకొండో పన్నెండో ఫొటోలో ఓ మూల ఉన్నాయి, నువ్వు గమనించి కూడా ఉండవు. ఆమె నిన్నేమీ అడగలేదు, కారు ఊసే ఎత్తలేదు. ఆమె అత్తవారింట్లో ఎవరో ఒకరు ఆ ఫొటో చూశారనుకో, తర్వాత నువ్వు డిలీట్ చేసినా ఆ పిల్లకి ఒరిగేదేమీ ఉండదు.

ఇక నువ్వు. కారు అడిగిన ఆవిడని నువ్వన్న రెండు మాటలు కూడా చదివాను. అనాల్సినవే, కాకపోతే రేపు నీ ఆఫీసులో మేనేజరు చదవాల్సినవి కావు.

"సుప్రీంకోర్టే ఓకే అంది కదా పెద్దమ్మా" అని ఓ వార్త లింకు పంపావు. పూర్తిగా చదివావా? 2025 జూలైలో వచ్చిన ఆ తీర్పు భార్యాభర్తల కేసుది. భర్త రహస్యంగా రికార్డు చేసిన మాటల్ని విడాకుల కోర్టు సాక్ష్యంగా చూడొచ్చా లేదా అన్నది అక్కడ ప్రశ్న, చూడొచ్చు అంది సుప్రీంకోర్టు. అంతకు ముందు మన ఆంధ్రప్రదేశ్ హైకోర్టు 2007లో, భార్య తన అమ్మానాన్నలతో, స్నేహితురాళ్ళతో మాట్లాడిన ఫోన్లని భర్త రికార్డు చేసిన కేసులో, భర్త అయినంత మాత్రాన ఆ హక్కు లేదని గట్టిగానే చెప్పింది. అంటే జడ్జీల మధ్యే ఇన్నేళ్ళు వాదన నడిచింది. అది కూడా జడ్జి ముందు పెట్టడం గురించి. లోకం ముందు పెట్టుకోమని ఏ కోర్టూ అనలేదు. పుట్టస్వామి గారి కేసులో తొమ్మిది మంది జడ్జీలు 2017 ఆగస్టు 24న గోప్యత ప్రాథమిక హక్కు అని చెప్పారని కూడా నువ్వే రాశావు, చెల్లింది నీకే, అదే హక్కు ఆ చెల్లెలికీ ఉందని మాత్రం తోచలేదు. ఆ తీర్పు ముఖ్యంగా సర్కారుకీ మనకీ మధ్య సంగతి, నిజమే. మనలో మనకైతే పరువు నష్టం కేసు ఉండనే ఉంది.

దాన్నుంచి బయటపడటమూ సులువు కాదు. "నేను పెట్టింది నిజమే కదా" అంటే మన దగ్గర సరిపోదు, క్రిమినల్ పరువు నష్టంలో అది నిజమూ అయ్యుండాలి, దాన్ని బయటపెట్టడం జనానికి మేలు చేసేదీ అయ్యుండాలి. 2018లో ప్రియా రమణి అనే జర్నలిస్టు అప్పటి కేంద్ర మంత్రి ఒకాయన తనతో ఎలా ప్రవర్తించాడో బయటపెడితే ఆయన కేసు వేశాడు. 2021 ఫిబ్రవరిలో కోర్టు ఆమె నిర్దోషి అంది. గెలిచింది, కానీ ఆ రెండేళ్ళకు పైగా వాయిదాలకి తిరిగింది కూడా ఆమే. ఆమె చేసింది తప్పని నేను అననే అనను. అంత పెద్ద పదవిలో ఉన్నవాడి మీద ఏ తలుపు కొడితే ఎవరు తీస్తారు? అలాంటిచోట బయటికి చెప్పడమే దారి. నీ విషయంలో ఇంకా ఏ తలుపూ కొట్టలేదు మనం.

కాబట్టి నా లెక్క ఇది. ఆ చాట్ చూసి ఏదో ఒకటి చేయగలిగినవాళ్ళకి చూపించు, మొత్తం చూపించు, ఏమీ దాచకు. ఊరికే చూసి పోయేవాళ్ళకి ఒక్క ముక్క కూడా చూపించకు.

చేయగలిగినవాళ్ళు ఎవరంటావేమో. కట్నం అడగడం ఒక్కటే చాలు, ఇవ్వకపోయినా, పెళ్ళి జరక్కపోయినా, ఆరు నెలల నుంచి రెండేళ్ళ దాకా శిక్ష ఉంది. మహిళా పోలీస్ స్టేషన్ ఉంది, మహిళల హెల్ప్‌లైన్ 181 ఉంది. వకీలుకి డబ్బెక్కడిది అని మీ అమ్మ దిగులు పెట్టుకుంది, ఆడవాళ్ళకి జీతంతో సంబంధం లేకుండా ఉచితంగా వకీలుని ఇస్తుంది జిల్లా న్యాయసేవాధికార సంస్థ, 15100కి ఫోన్ చేసి అడుగు. కేసు వద్దు, ఖర్చయిన డబ్బు వస్తే చాలు అనుకుంటే సంబంధం తెచ్చిన పెద్దమనిషిని కూర్చోబెట్టి ఆ మెసేజులు ఆయన చేతే పైకి చదివించండి. ఈ చివరిది నాకు భలే ఇష్టం, తమ మాటలు ఇంకొకరి నోట వింటే చాలామందికి చెమటలు పడతాయి.

ఇంకో అమ్మాయి మోసపోకూడదు కదా అన్నావు, నీ వాదనలో నాకు నచ్చింది అదొక్కటే. దానికి మనకి వాకబు అనేది ఎప్పటినుంచో ఉంది. రేపు ఆ అబ్బాయికి ఇంకో సంబంధం చూస్తే వాళ్ళు ఎవరినో ఒకరిని పట్టుకుని ఆరా తీస్తారు, తిరిగి తిరిగి మన దాకా వస్తారు. అప్పుడు మొహమాటపడి "ఏదో జాతకాలు కుదర్లేదండీ" అని నసగొద్దు, మీ అమ్మకి ఆ అలవాటుంది. నిశ్చితార్థం తర్వాత కారు అడిగారు, అందుకే మానుకున్నాం అని అడిగినవాళ్ళకి చెప్పండి. ఆ పిల్ల తల్లిదండ్రులకి పనికొచ్చేది ఆ ఒక్క వాక్యమే.

అన్నీ అయ్యాక, ఎవరూ పట్టించుకోక, అప్పటికీ బయట చెప్పాలనే ఉంటే, నీ మాటల్లో నువ్వే రాయి. ఏం జరిగిందో, నువ్వేం చేశావో. పెడితే ఆవిడ అడిగిన ఆ ఒక్క మెసేజ్ పెట్టు, అది కూడా వకీలు చూశాక. పేర్లు కొట్టేశాను కదా అనకు, నువ్వు కొట్టిన నల్ల రంగు కింద పేరు నాకు కనిపించింది, ఫోన్లో ఫొటో ఎడిట్‌లోకి వెళ్ళి బ్రైట్‌నెస్ పెంచానంతే. కొన్ని ఫోన్లలో ఆ పెన్ను గీత పల్చగా పడుతుంది. 2023లో గూగుల్ పిక్సెల్ ఫోన్లలో ఇంకో ముచ్చట బయటపడింది, కత్తిరించిన స్క్రీన్‌షాట్‌లో పోయిందనుకున్న భాగాన్ని కొంతవరకు తిరిగి రాబట్టొచ్చని. సరిచేశారనుకో, అప్పటికే జనం షేర్ చేసినవి మాత్రం సరికావు కదా. వాట్సాప్‌లో ఎన్‌క్రిప్షన్ ఉందిలే అని ధీమాగా ఉండేవాళ్ళు కూడా చాలామంది. అది దారి మధ్యలో ఎవరూ చదవకుండా కాపాడుతుంది, అవతలివాడు స్క్రీన్‌షాట్ తీస్తే అదేం చేస్తుంది? నువ్వు రాసినవాటిని వాళ్ళూ అలాగే తీసి పెట్టుకోవచ్చు, అందుకే ఇకమీదట వాళ్ళకి కోపంగా ఏదీ టైప్ చేయకు.

సాక్ష్యం సంగతి ఒక్కటి తొందరగా చూడాలి. స్క్రీన్‌షాట్ అంటే ఫొటోయే, ఎవడైనా తయారుచేయొచ్చని వాళ్ళ వకీలు అంటాడు. అసలు చాట్ ఉన్న ఫోన్ కావాలి, దాంతోపాటు 2024 జూలై నుంచి అమల్లోకి వచ్చిన కొత్త సాక్ష్య చట్టం ప్రకారం సర్టిఫికెట్ జతచేయాలి, వకీలు చేయిస్తాడు. చాట్‌లో డిసప్పియరింగ్ మెసేజెస్ ఆన్ అయి ఉందేమో ఇవాళే చూడు, ఉంటే అవే మాయమైపోతాయి. చాట్ మొత్తం ఎక్స్‌పోర్ట్ చేసి నీ మెయిల్‌కి ఒకటి, నాకు ఒకటి పంపు. దేన్నీ డిలీట్ చేయొద్దు, మీ నాన్న రాసిన ఆ పదిహేను లక్షల మెసేజ్ కూడా. ఆయనకి సిగ్గుగా ఉంటుంది, నేను మాట్లాడతాను.

కారు అడిగిన మెసేజులు వచ్చింది ఆయన ఫోన్‌కే అని గుర్తుందా? ఆ ఫోన్ పాతబడిందని పండగ ఆఫర్లో ఎక్స్‌ఛేంజ్‌కి ఇచ్చేస్తానని మొన్న మీ అమ్మతో అన్నాడట. ముందు వెళ్ళి అది ఆపు, మిగతావి ఆదివారం నేనొచ్చాక చూద్దాం.

మీ పెద్దమ్మ