సూర్యుడి తుపాను, కంట్రోల్‌రూము పిల్లి

నెల్లూరు

చిరంజీవి అమ్మాయికి మామయ్య ఆశీస్సులు. ఇక్కడ మేమంతా క్షేమం. మీ అత్తయ్య మోకాలి నొప్పి ఎప్పటిలాగే ఉంది, దాని మీద ఆమె కోపమూ ఎప్పటిలాగే ఉంది.

నీ ఉత్తరంలో మూడు పేజీలు సూర్యుడి గురించి, చివర నాలుగు వాక్యాలు మీ సబ్‌స్టేషను పిల్లి గురించి ఉన్నాయి. నేను చివరి నుంచి మొదలుపెడతాను. సూర్యుడి నుంచి వచ్చే అయస్కాంత తుపాను మీ సబ్‌స్టేషనును ఏం చేయగలదో రాయమని మీ పైఅధికారి అడిగిన నివేదికకు ఇంకా రెండు వారాల గడువుంది. పిల్లికి అంత గడువు లేదు.

అది గండుపిల్లితో పోట్లాడి నాలుగు రోజులైందని, ముందుకాలి మీద పడిన గాటు రెండో రోజుకే మానిపోయిందని, ఇప్పుడు కుంటుతూ కేబుల్ ట్రెంచి పక్కన ముడుచుకుని పాలు కూడా ముట్టడం లేదని రాశావు. ఆ ‘మానిపోయింది’ అన్న మాట దగ్గర నేను ఆగిపోయాను. పిల్లి కోర సూదిలాంటిది. దిగినప్పుడు నోట్లో ఉండే పాశ్చురెల్లా వంటి బాక్టీరియాను చర్మం కింద వదిలి వస్తుంది. రంధ్రం సన్నది కాబట్టి పైచర్మం చప్పున మూసుకుంటుంది. లోపల గాలి తగలని చోట అవి పెరిగి, రెండు నుంచి నాలుగు రోజుల్లో చీముగడ్డ కడుతుంది. బొచ్చు కింద కంటికి ఏమీ కనబడదు. మందపాటి తువాలుతో పిల్లిని చుట్టి పట్టుకుని, కాలిని భుజం దాకా మెల్లగా తడిమి చూడు. ఒకచోట వేడిగా ఉండి, తాకితే నీళ్ల సంచిలా కదులుతుంది. అక్కడితో చెయ్యి తియ్యి. గడ్డను నొక్కి పిండాలని చూడకు.

అదే రోజు పశువుల ఆసుపత్రికి తీసుకువెళ్లు. డాక్టరు గడ్డను కోసి, చీము తీసి, సెలైనుతో కడుగుతారు. అవసరమనుకుంటే యాంటీబయాటిక్ రాస్తారు. చీమును లోపలే ఉంచి మాత్రలతో సరిపెడదామంటే కుదరదు, గడ్డ నడిమధ్యకు మందు చేరడం కష్టం. పిల్లి రెండు మూడు రోజులు తినకుండా ఉంటే కాలేయంలో కొవ్వు చేరి అదో కొత్త జబ్బవుతుంది, కాబట్టి ఎప్పటి నుంచి తినడం లేదో డాక్టరుకు సరిగ్గా చెప్పు. డాక్సీసైక్లిన్ మాత్ర రాస్తే, మింగించిన వెంటనే సిరంజితో కొద్దిగా నీళ్లు పట్టు. వట్టి మాత్ర అన్నవాహికలో అతుక్కుంటే అక్కడ పుండు పడుతుంది.

మీ ఆపరేటర్లకు గట్టిగా చెప్పాల్సిన సంగతి ఒకటుంది. జ్వరంగా ఉందని జాలిపడి పారాసిటమాల్ ముక్క వేస్తారేమో. పిల్లి శరీరం ఆ మందును విరిచి బయటికి పంపలేదు, రక్తం ప్రాణవాయువును మోయలేని స్థితికి వస్తుంది. ఒక్క మాత్రతోనే పిల్లి చనిపోవచ్చు. నేల కడిగే ఫినాయిలు, డెట్టాలు వంటివి పుండు మీద పోయవద్దు, అది నాకుతుంది. పసుపు రాశామని రాశావు, రాస్తే రాశారు. మూసుకున్న గడ్డకు పైన రాసిన పసుపు ఏం చేస్తుంది? ఇంకొకటి, దాన్ని పట్టుకోబోయి ఎవరైనా కరిపించుకుంటే గాయాన్ని సబ్బుతో పదిహేను నిమిషాలు ధారగా కడిగి, అదే పూట డాక్టరు దగ్గరికి పంపు. అదే బాక్టీరియా మనిషి చేతిని ఒక్క రోజులో వాపెక్కిస్తుంది. రేబిస్ టీకా మాట కూడా అక్కడే తేలాలి.

ఇక నీ సూర్యుడు. నిజానికి నేనింకా పిల్లి దగ్గరే ఉన్నాను.

నీ చిత్తుప్రతి మొదటి పేరా చదివితే జిల్లా అంతా ఈ రాత్రికే కొవ్వొత్తులు కొనుక్కోవాలనిపిస్తుంది. సూర్యుడి తుపాన్లలో పేరుమోసిన 1859 సెప్టెంబరు నాటి కారింగ్టన్ తుపానుతో ఎత్తుకున్నావు. తప్పేమీ లేదు, అందరూ దానితోనే ఎత్తుకుంటారు. ఆ తుపానులో బొంబాయి కొలాబా వేధశాల కాగితం మీద అయస్కాంత క్షేత్రం దాదాపు 1600 నానోటెస్లా (ఆ క్షేత్రాన్ని కొలిచే ప్రమాణం) పడిందని రాశావు. ఆ పక్క వాక్యంలోనే 2024 మే తుపానుకు 400 అని వేసి, ‘నాలుగు రెట్లు’ అని తేల్చేశావు. మొదటిది ఒక్క ఊళ్లో ఒక్క సూది చూపినది, రెండోది నాలుగు కేంద్రాల గంటవారీ సగటుతో కట్టిన సూచీ. ఆ రెండింటినీ పక్కపక్కన ఉంచవచ్చు గానీ భాగించకూడదు. కొలాబా మాట వచ్చింది కాబట్టి చెబుతున్నాను, బొంబాయిలో కరెంటు ట్రాములు వస్తే అయస్కాంత సూదులు పాడవుతాయని ఆ పరికరాలను 1904లో అలీబాగ్‌కు మార్చారు. మనుషుల కరెంటు నేలలోకి దిగి సూదిని కదిలిస్తుందని అక్కడ భయపడ్డారు. నీ నివేదికలో ఉన్నది దీనికి తిరగేసిన సంగతి. సూది కదిలినప్పుడు నేలలో పుట్టే కరెంటు మన లైన్లలోకి ఎక్కుతుంది.

ఎక్కడ ఎక్కుతుంది? నీ నివేదికకు ఇదే మొదటి ప్రశ్న కావాలి. పిల్లికి కోర దిగిన రంధ్రం ఎలాగో మన ట్రాన్స్‌ఫార్మరుకు ఎర్త్ చేసిన న్యూట్రల్, అంటే మూడు ఫేజులు కలిసే చోటి నుంచి నేలలోకి దించిన తీగ, అలాగ. కృష్ణపట్నం నుంచి కరెంటు మోసే 400 కేవీ లైన్ల వంటి పొడవాటి లైనుకు రెండు కొసల్లో న్యూట్రళ్లు నేలలో ఉంటాయి. నేల కరెంటు ఒక కొసన ఎక్కి మరో కొసన దిగుతుంది. అది మన యాభై సైకిళ్ల కరెంటు లాంటిది కాదు, నిమిషాల తరబడి మెల్లగా ఊగే, దాదాపు డీసీ కరెంటు. దానితో ట్రాన్స్‌ఫార్మరు లోపలి ఇనుప దిమ్మ, అంటే కోరు, ప్రతి సైకిల్‌లో ఒకవైపు సంతృప్తమవుతుంది. కరెంటు అల ఆకారం చెదిరి హార్మోనిక్స్ అనే అదనపు అలలు పుడతాయి, వోల్టేజిని నిలబెట్టే రియాక్టివ్ పవర్‌ను లాగేస్తుంది, ట్యాంకు లోపల ఏదో ఒక మూల వేడెక్కుతుంది. బయటి నుంచి వినబడేది గుర్రుమనే మోత పెరగడం ఒక్కటే.

1989 మార్చి 13న కెనడాలోని క్యుబెక్ గ్రిడ్డు సుమారు తొంభై సెకన్లలో కూలింది. అరవై లక్షల మంది తొమ్మిది గంటల పాటు చీకట్లో ఉన్నారు. అక్కడ ముందు దెబ్బతిన్నవి ట్రాన్స్‌ఫార్మర్లు కావు. వోల్టేజిని నిలబెట్టే పరికరాలు హార్మోనిక్స్ చూసి ఒకదాని వెంట ఒకటి ట్రిప్ అయ్యాయి. రక్షణ కోసం పెట్టినవే వరసగా తప్పుకున్నాయి. కాబట్టి వోల్టేజిని నిలబెట్టే మీ కెపాసిటర్ బ్యాంకును ట్రిప్ చేసే రిలేల సెట్టింగులు నివేదికలో తప్పకుండా ఉండాలి. నీ చిత్తుప్రతిలో అవి లేవు.

క్యుబెక్ ధ్రువానికి దగ్గర, కింద కరెంటును మోయని గట్టి రాయి. మనం పద్నాలుగు, పదిహేను డిగ్రీల అక్షాంశంలో ఉన్నాం. ఆ స్థాయి దెబ్బ మనకు పడుతుందని రాస్తే అది నివేదిక కాదు, పుకారు. అలాగని సున్నా అని కూడా రాయకు. సూర్యుడి నుంచి వచ్చే విస్ఫోటం భూమి అయస్కాంత కవచాన్ని ఒక్కసారిగా నొక్కినప్పుడు మన దగ్గరా సూది ఎగురుతుంది. ఉప్పునీరు కరెంటును బాగా మోస్తుంది, చీమకుర్తి వైపు ఉన్నలాంటి రాయి మోయదు. ఆ రెండూ దగ్గరగా ఉన్న తీరంలో నేల మీది విద్యుత్ క్షేత్రం కొంత పెరుగుతుంది. మీ స్టేషను ఆ రెండింటి మధ్య ఉందన్నది మరచిపోకు. ఆ తర్వాత ట్రాన్స్‌ఫార్మరు నేమ్‌ప్లేటు చూడు. ఒక్కో ఫేజుకు ఒక్కో యూనిట్ ఉన్న బ్యాంకు ఈ డీసీకి తొందరగా లొంగుతుంది, మూడు కాళ్ల కోరు ఉన్న మూడు ఫేజుల యూనిట్ చాలావరకు తట్టుకుంటుంది. ఒక్క నేమ్‌ప్లేటు చదివితే నీ మూడు పేజీల భయంలో సగం తగ్గవచ్చు, లేదా పెరగవచ్చు.

ఇప్పుడు నా అనుభవం ఒకటి చెబుతాను. ఏ స్టేషనో అడగకు. విద్యుత్ బోర్డు రోజుల్లో, బయట లైను మీద పెద్ద ఫాల్టు పడి ఒక ట్రాన్స్‌ఫార్మరు దులపరించుకుంది. పైకి అన్నీ బాగున్నాయి. ఇన్సులేషన్ చూసే మెగ్గర్ రీడింగు బాగుంది, చమురు రంగు బాగుంది. మళ్లీ చార్జి చేశాం. పదకొండో రోజు తెల్లవారుజామున, ట్యాంకులో వాయువు పుడితే హెచ్చరించే బుకోల్జ్ రిలే మోగింది. చమురు నమూనా పంపితే, లోపల విపరీతంగా వేడెక్కిందని చెప్పే ఇథిలీన్, ఎసిటిలీన్ వాయువులు రెండూ ఉన్నాయని వచ్చింది. అవి ఆ ఫాల్టుకు ముందు నుంచీ ఉన్నాయా, కొత్తగా వచ్చాయా అని పై నుంచి అడిగారు. పాత నివేదిక కాగితం ఫైల్లో లేదు. నేను ఏం చెప్పను? ట్యాంకు విప్పే దాకా ఎవరికీ తెలియలేదు. పైకి మానిన గాయం అంటే నాకు అందుకే భయం.

కాబట్టి నీ నివేదికలో ‘చేయవలసినవి’ అన్న చోట ఖరీదైన పరికరాల పట్టిక కన్నా ముందు ఇది రాయి. సూర్యుడు ప్రశాంతంగా ఉన్న రోజున చమురులోని వాయువుల పరీక్ష చేయించి, ఆ కాగితాన్ని రెండు చోట్ల దాచడం. మామూలు రోజు రాత్రి, మామూలు లోడు మీద ట్రాన్స్‌ఫార్మరు మోత, చమురు ఉష్ణోగ్రత, హార్మోనిక్స్ లాగ్‌షీటులో ఎక్కించడం. న్యూట్రల్ కరెంటు సంగతి వేరు. కరెంటు కొలవడానికి ఇప్పుడున్న సీటీకి (కరెంట్ ట్రాన్స్‌ఫార్మరుకు) డీసీ కనబడదు, లోపల పారుతున్నా సున్నా చూపిస్తుంది. దానికి డీసీని కూడా పట్టే హాల్ సెన్సరు కావాలి. అడగాల్సిన కొత్త వస్తువు అదొక్కటే, దాన్ని నిలబడి అడుగు.

ఉపగ్రహాల నుంచి సమయం అందుకునే మీ స్టేషను జీపీఎస్ గడియారం గురించి నువ్వు ఒక్క వాక్యంతో సరిపెట్టావు. మన అక్షాంశాల్లో సూర్యుడి వల్ల తరచుగా వచ్చే చికాకు అదే, పెద్ద తుపాను అక్కర్లేదు. సూర్యుడు చురుగ్గా ఉన్న ఏళ్లలో, ముఖ్యంగా మార్చి చుట్టూ, సెప్టెంబరు అక్టోబరుల్లో, పొద్దుగూకాక పైవాతావరణం బుడగలు బుడగలుగా చీలి ఉపగ్రహ సంకేతం మిణుకుమంటుంది. తిరుపతి దగ్గరి గాదంకి రాడార్లతో శాస్త్రవేత్తలు ఏళ్ల తరబడి పరిశీలిస్తున్నది ఇలాంటి వాటినే. మీ గడియారం అలారం చిట్టాను రెండేళ్ల వెనక్కి తీసి, సమయాల వారీగా గీతలు గీసి చూడు. ‘సంకేతం పోయింది’ అన్నవి రాత్రి ఏడు నుంచి అర్ధరాత్రి మధ్య, ఆ నెలల్లో గుమిగూడితే అది ఆకాశం పని. పగలూ రాత్రీ ఒకేలా ఉంటే యాంటెన్నా మీద కాకి గూడు ఉందేమో పైకెక్కి చూడమను. బయటి నుంచి వచ్చే హెచ్చరికల్లో వేళలు యూటీసీలో, అంటే ప్రపంచ ప్రామాణిక సమయంలో ఉంటాయి, అయిదున్నర గంటలు కలపడం మరచిపోయి నాలుక కరుచుకున్నవాళ్లను చూశాను.

హెచ్చరిక ఎంత ముందు వస్తుందో కూడా రాయి. సూర్యుడి మీద రేగిన జ్వాల వెలుగు ఎనిమిది నిమిషాల్లో వస్తుంది, పగటివైపు ఉన్న షార్ట్‌వేవ్ రేడియో అప్పుడే మూగబోతుంది. సూర్యుడు విసిరిన, మన లైన్లలోకి కరెంటు ఎక్కించే పదార్థం ఒకటి నుంచి మూడు రోజులకు వస్తుంది. కానీ దాని అయస్కాంత దిశ మనకు ప్రమాదకరమా కాదా అన్నది భూమికి సూర్యుడి వైపు పదిహేను లక్షల కిలోమీటర్ల దూరంలో ఎల్1 అనే చోట ఉన్న ఉపగ్రహాలు కొలిచే దాకా తేలదు, ఆ తర్వాత మన చేతిలో మిగిలేది గంట, అంతకన్నా తక్కువ కూడా. మన ఆదిత్య-ఎల్1 అక్కడే ఉంది. 2023 సెప్టెంబరు 2న అది లేచినప్పుడు మేడ మీద నిలబడి చూశాం. శ్రీహరికోటను తిరుపతి జిల్లాలో కలిపినా, రాకెట్టు లేస్తే నెల్లూరు వాళ్లం ఇప్పటికీ మాదేనంటాం. గంటలో ఏం చేయగలరు? మరమ్మతుకు తీసిన లైన్లను తిరిగి కలపడం, లోడును సర్దడం, లైన్‌క్లియర్ తీసుకుని, అంటే కరెంటు ఆపించుకుని, లైను మీద పనిచేస్తున్న మనుషులను దించడం. ఈ మూడింటికీ ఎవరు ఎవరికి ఫోను చేయాలో పేరుతో సహా రాయి.

2024 మే 10 రాత్రి తుపాను జీ5, అంటే సూర్యుడి తుపాన్ల తీవ్రత చెప్పే కొలమానంలో ఆఖరి మెట్టు. లద్దాఖ్‌లోని హాన్లేలో ఆకాశం ఎర్రబడింది. ఇక్కడ మేం ఫ్యాను కింద హాయిగా నిద్రపోయాం. ఆ రాత్రి మీ స్టేషను లాగ్‌షీటులో ఏముందో వెతికావా? నీ ఉత్తరంలో దాని ఊసే లేదు. నువ్వు వెళ్లవలసిన మొదటి చోటు అదే.

పోలిక కోసం మిగతా ప్రమాదాలను కూడా అదే పేజీలో పెట్టు. ఇన్సులేటర్ల మీద పేరుకున్న ఉప్పు, పొగమంచు తెల్లవారుజామున ఇన్సులేటరు మీదుగా కరెంటు దూకే ఫ్లాష్‌ఓవర్లు, ఉడతలు, పాములు, 1984 నవంబరులో శ్రీహరికోట దగ్గర తీరం దాటినలాంటి తుపాన్లు. మన జీవితకాలంలో ఇవి చేసే నష్టమే ఎక్కువ, మొహమాటం లేకుండా రాయి. సూర్యుడి తుపానుకున్న తేడా ఒక్కటే, అది ఒకే క్షణంలో అన్ని స్టేషన్లనూ తాకుతుంది, పక్క స్టేషను నుంచి సాయం అందకపోవచ్చు. అందుకే నష్టాన్ని లెక్కకట్టేటప్పుడు మెగావాట్లతో ఆపకు. ఇందుకూరుపేట వైపు, కొత్తపట్నం వైపు రొయ్యల చెరువుల్లో నీటికి గాలి అందించే ఏరియేటర్లు తెల్లవారుజామున ఆగితే, అసలే ప్రాణవాయువు అడుగంటిన వేళ కాబట్టి, కొన్ని గంటల్లో పంట మొత్తం తేలిపోతుంది. డీజిల్ జనరేటరు ఎంతమంది రైతులకు ఉందో మీ డిస్కం (కరెంటు పంపిణీ సంస్థ) వాళ్లను అడిగి ఒక వరుస చేర్చు. ఆసుపత్రులను ఎలాగూ రాస్తావు.

కంట్రోల్‌రూములో పిల్లిని ఉంచవద్దని ఎవరైనా అంటే ఒప్పుకోకు. ట్రెంచిలో ఎలుకలు కేబుళ్లు కొరికితే వచ్చే తిప్పలు నాకు తెలుసు. మానాక దానికి పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించు, పోట్లాటలు తగ్గుతాయి.

గడ్డ కోశాక డాక్టరు ఏమన్నారో రేపే ఫోను చేసి చెప్పు. వచ్చే ఆదివారం వచ్చేటప్పుడు మీ రెండు ట్రాన్స్‌ఫార్మర్ల పాత చమురు నివేదికలు, 2024 మే 10, 11 తేదీల లాగ్‌షీటు నకళ్లు తీసుకురా. మీ అత్తయ్య చేపల పులుసు పెడతానంటోంది. కాగితాలు భోజనానికి ముందే చూద్దాం, తిన్నాక నాకు నిద్ర వస్తుంది.

ఆశీస్సులతో
మీ మామయ్య