అది జోరీగ కాదు, మందు కొట్టకండి

ప్రశ్న: మాది నర్సంపేట దగ్గర ఊరు. రెండెకరాల్లో పత్తి వేసినం. పది రోజులుగా గెట్టు మీది ఎండు పుల్లలపై గడ్డమున్న పెద్ద ఈగలు కూర్చుంటున్నాయి. నిన్న ఒకటి తేనెటీగను పట్టుకుంది. ఇవి ఎడ్లను కుడతాయా? మందు కొట్టాలా? ఫోన్‌లో ఫొటో తీసి పంపుతున్న, సరిగ్గా రాలేదు.
– ఒక రైతు, వరంగల్ జిల్లా

జవాబు: ఫొటోలో ఈగ మసకగానే ఉంది కానీ, దాని కాళ్ల మధ్య వేలాడుతున్న తేనెటీగ బాగానే కనిపించింది. జోరీగ పశువుల రక్తం తాగుతుంది తప్ప పురుగుల్ని వేటాడదు. మీరు చూసింది రాబర్ ఫ్లై. ఎడ్ల జోలికి రాదు. చేత్తో పట్టుకుంటే మాత్రం గట్టిగా పొడుస్తుంది, పిల్లలకు చెప్పి ఉంచండి.

ఎగిరే పురుగును గాలిలోనే ముళ్ల కాళ్లతో ఒడిసిపట్టి, సూదిలాంటి నోరు గుచ్చి లాలాజలం ఎక్కిస్తుంది. పురుగు కదలకుండా పడిపోతుంది, లోపలి కండ కరిగి నీళ్లవుతుంది. అది పీల్చేసి డొల్లను వదిలేస్తుంది. పుల్ల కింద వెతికితే ఆ డొల్లలు దొరకొచ్చు. ముఖం మీది గడ్డం, గింజుకునే పురుగు నుంచి ముఖానికి కాపు.

అలాగని దీన్ని మిత్రపురుగని నెత్తిన పెట్టుకోమనను. పేనుబంకను తినే అక్షింతల పురుగైనా, మిడతైనా, తేనెటీగైనా దానికి ఒకటే. చేనులో పురుగుల సంగతి ఇదే చూసుకుంటుందని ధీమా పడొద్దు. కానీ దీని కోసం మందు కొడితే మిగతా మిత్రపురుగులూ పోతాయి. పత్తిలో సింథటిక్ పైరిత్రాయిడ్ మందులు ఎక్కువైతే ఆకుల రసం పీల్చే తెల్లదోమ ఎలా విజృంభిస్తుందో మీకు తెలియంది కాదు.

ఇక ఫొటో. మీరు నిలబడి, దూరం నుంచి జూమ్ చేసి తీసినట్టున్నారు. పొద్దున ఎండ ఎక్కకముందు వెళ్లండి, అప్పుడు ఒళ్లు వేడెక్కక మందకొడిగా ఉంటుంది. గెట్టు పక్కన కూర్చుని, మోకాళ్ల మీద కొంచెం కొంచెం జరగండి. మీ నీడ దాని మీద పడిందా, లేచిపోతుంది. పోతే పోనీ, వెంటపడకండి. కదలకుండా కూర్చుంటే చాలాసార్లు అదే పుల్ల మీదికి, లేదా పక్క పుల్ల మీదికి తిరిగొస్తుంది. నేనైతే ముందే ఖాళీ పుల్లకు ఫోకస్ పెట్టుకుని కాచుకుంటాను. నోట్లో పురుగు ఉన్నప్పుడు ఇంకాస్త దగ్గరికి రానిస్తుంది.

పక్క నుంచి ఒకటి, పై నుంచి ఒకటి, ముఖం ఎదురుగా ఒకటి తీయండి. ఎదురు ఫొటోలో రెండు కళ్ల మధ్య నడినెత్తిన గుంట కనిపించాలి, రాబర్ ఫ్లైకి అదే గుర్తు. జోరీగకు ఆ గుంట ఉండదు, గడ్డమూ ఉండదు.

ఎడ్లను నిజంగానే ఏదైనా కుడుతుంటే, వాటి మీద వాలిన ఈగను విడిగా ఫొటో తీసి మీ పశువైద్యునికి చూపించండి.