450 కిలోల ప్యాలెట్టుకు 683 కిలోల బిల్లు

ప్రశ్న: మేము కారం పొడిని అరకిలో ప్యాకెట్లలో అమ్ముతాము. ఇటీవల పుణెలోని మా డిస్ట్రిబ్యూటరుకు రెండు ప్యాలెట్లు (పెట్టెలు పేర్చిన చెక్క చట్రాలు) పార్ట్ లోడులో, అంటే ఇతరుల సరుకుతో కలిపి ఒకే లారీలో పంపాము. ఒక్కొక్క దాని మీద 50 అట్టపెట్టెలు ఉన్నాయి. కాటా వేయిస్తే చెక్కతో కలిపి 450 కిలోల చొప్పున తూగాయి. కిలోకు 12 రూపాయలని మాట్లాడుకున్నందున 10,800 రూపాయలు అవుతుందనుకున్నాము. బిల్లులో మాత్రం 1,366 కిలోలకు 16,392 రూపాయలు వేసి, దాని మీద డీజిల్ సర్‌ఛార్జి, డాకెట్ (బుకింగ్ రసీదు) ఛార్జి కలిపారు. ఇది మోసమా? ఖర్చు తగ్గించుకునే దారి ఉందా? బిల్లు నకలు, ప్యాకింగ్ వివరాలు జతపరిచాము.
– ఒక చిన్న పరిశ్రమ యజమాని, గుంటూరు జిల్లా

జవాబు: మోసమని అనలేము, కానీ మీకు ముందుగా చెప్పవలసినది చెప్పలేదు. పార్ట్ లోడులో కాటా బరువు, సరుకు ఆక్రమించే చోటును బట్టి కట్టే బరువు, ఈ రెండింటిలో ఏది ఎక్కువైతే దానికే ఛార్జి వేస్తారు. బిల్లులో మీ ప్యాలెట్టు కొలతలు 126 × 106 × 138 సెంటీమీటర్లని ఉన్నాయి. వాటిని గుణించి 27,000తో భాగిస్తే 68.26 ఘనపుటడుగులు వస్తాయి, అడుగుకు 10 కిలోల చొప్పున అది 683 కిలోలు. ఇందులో ఒక చిన్న తిరకాసు కూడా ఉంది. ఘనపుటడుగు అంటే నిజానికి 28,317 ఘన సెంటీమీటర్లు. అడుగును 30 సెంటీమీటర్లుగా సరిపెట్టుకోవడం వల్ల 27,000 వచ్చింది. అసలు లెక్కన వేస్తే మీది 651 కిలోలే, అంటే ఆ సరిపెట్టుబాటుకు ప్యాలెట్టుకు 384 రూపాయలు మీరే ఇచ్చారు. ఆ భాజకాన్నీ, ‘అడుగుకు ఎన్ని కిలోలు’ అన్న అంకెనూ కొటేషన్‌లోనే రాయించుకోండి. నిలకడగా లోడు ఇచ్చేవారికి 10 బదులు 8కి ఒప్పుకునే ట్రాన్స్‌పోర్టు సంస్థలు ఉంటాయి. కిలో రేటులో అర్ధరూపాయి కోసం బేరమాడటం కంటే ఇది చాలా ఎక్కువ మిగులుస్తుంది.

అయితే పెద్ద నష్టం మీ గోదాములోనే జరుగుతోంది. మీ పెట్టె 40 × 30 × 23 సెంటీమీటర్లు. 120 × 100 ప్యాలెట్టు మీద వరుసకు సరిగ్గా పది పెట్టెలు అంగుళం కూడా బయటికి రాకుండా పడతాయి: నాలుగింటిని నిలువుగా ఒక బారు, ఆరింటిని అడ్డంగా రెండు బార్లు. ఐదు వరుసలకు చెక్కతో కలిపి ఎత్తు 130 కావాలి. అది 126 × 106 × 138 ఎలా అయింది? ప్యాకెట్టుకు సీలు వేసేటప్పుడు లోపల గాలి ఉండిపోతే పెట్టె మూతా పక్కలూ ఉబ్బుతాయి, ఉబ్బిన పెట్టెలు అంచు దాటి జరుగుతాయి, కొలిచేవాడు టేపును ఆ ఉబ్బు మీదే పెడతాడు. సీలుకు ముందు గాలి నొక్కి తీయించి, పెట్టె ఎత్తును 20 సెంటీమీటర్లకు దించగలిగితే, ఆరు వరుసల్లో 60 పెట్టెలు 135 సెంటీమీటర్ల ఎత్తులో కూర్చుంటాయి. అప్పుడు ఛార్జి బరువు 600 కిలోలు. ఇప్పుడు పెట్టెకు 164 రూపాయలు పడుతున్న కిరాయి, రేటు మారకుండానే, 120కి వస్తుంది. అడుగుకు 8 కిలోల ఒప్పందం కూడా దొరికితే చోటు లెక్క 480 కిలోలకు దిగుతుంది, కనుక 60 పెట్టెల కాటా బరువైన 535 కిలోలకే చెల్లిస్తారు.

ఇక ప్యాలెట్టు అవసరమా అన్న ప్రశ్న. 15 సెంటీమీటర్ల ఎత్తున్న ఆ చెక్క చట్రం ఒక్కటే లెక్కలో 67 కిలోలు, అంటే 800 రూపాయలు. పుణెలో దించేచోట ఫోర్క్‌లిఫ్టు లేకపోతే హమాలీలు ర్యాపరు కోసి పెట్టెలను చేత్తోనే దించుతారు. అలాంటప్పుడు చట్రానికి కిరాయి కట్టి పంపడం దండగ. కారం వంటి మెత్తని ప్యాకెట్లను గట్టి పెట్టెల్లో బిగించి విడిగా పంపడమే మేలని నా అభిప్రాయం. కాకపోతే దారిలో మూడు నాలుగు చోట్ల చేతులు మారతాయి కనుక పెట్టె గట్టిగా ఉండాలి. ఒక్క ప్యాకెట్టు చినిగి పక్కనున్న బట్టల మూటల మీద పడితే ఆ గొడవ వేరు.

డాకెట్ ఛార్జి బుకింగుకు ఒకసారి పడేది కనుక నెలకు రెండుసార్లు పంపేదాన్ని ఒకేసారి పంపండి. సరుకు ఆరేడు ప్యాలెట్లకు చేరినప్పుడు తిరుగు లోడు వెతుక్కునే మహారాష్ట్ర లారీ కిరాయిని కూడా విచారించండి. ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా మిర్చి యార్డుకు సరుకు పోటెత్తుతుంది, ఆ నెలల్లో మాత్రం లారీ బేరానికి దిగదు. కిరాయి మీద రివర్స్ ఛార్జ్ కింద (రవాణాదారు బదులు నేరుగా ప్రభుత్వానికి) మీరు కట్టే 5 శాతం జీఎస్‌టీ ఇన్‌పుట్ క్రెడిట్‌గా, అంటే మీ అమ్మకాల మీది పన్నులో తగ్గింపుగా, తిరిగి వచ్చేదే కనుక దాన్ని ఖర్చులో వేయకండి.

ప్రశ్న: మేము పచ్చళ్ల సీసాలను ప్యాలెట్ల మీద పంపుతాము. బిల్లులో ‘ఎఫ్‌ఓవీ’ పేరుతో సరుకు విలువ మీద కొంత శాతం వేస్తున్నారు. వద్దంటే తీసేస్తామన్నారు. తీయించవచ్చా?
– ఒక పాఠకురాలు, విజయవాడ

జవాబు: ఎఫ్‌ఓవీ అంటే ‘ఫ్రైట్ ఆన్ వాల్యూ’, సరుకు విలువను బట్టి రవాణాదారు బాధ్యత కోసం వేసే అదనపు రేటు. తీయించే ముందు ఒక లెక్క చూసుకోండి. 2007 నాటి రోడ్డు రవాణా చట్టం కింద 2011లో వచ్చిన నియమాల ప్రకారం, ఎక్కువ విలువ ప్రకటించి అదనపు రేటు చెల్లించకపోతే రవాణాదారు బాధ్యత కిరాయికి పది రెట్లకే పరిమితం. 4,000 రూపాయల కిరాయికి లక్షన్నర సరుకు పంపితే, అంతా పగిలినా మీరు అడగగలిగేది 40,000. ఎఫ్‌ఓవీ కట్టినంత మాత్రాన అది బీమా అయిపోదు. ఎంతవరకు, ఏ నష్టానికి బాధ్యత వహిస్తారో రసీదు వెనుక షరతుల్లో చదవండి. ఏడాది పొడవునా పంపేవారికి రవాణా బీమాలో ఓపెన్ పాలసీ (పంపే లోడ్లన్నిటికీ కలిపి తీసుకునే ఒకే పాలసీ) చౌకగా పడవచ్చు. రెండూ పోల్చి, బీమా ఉంటేనే ఎఫ్‌ఓవీ తీయించండి. సరుకు దిగేటప్పుడు ఎన్ని సీసాలు పగిలాయో, ఏ పెట్టె తడిసిందో డెలివరీ కాపీ మీద రాసిన తరువాతే సంతకం పెట్టమని మీ కొనుగోలుదారుకు చెప్పండి. నష్టం గురించి బుకింగ్ తేదీ నుంచి 180 రోజుల లోపల రవాణాదారుకు రాతపూర్వక నోటీసు చేరాలి.