హెల్మెట్ పెట్టుకుంటే నవ్వుతారట!

ప్రశ్న: మా వారికి 52 ఏళ్లు. ఆదివారాలు కాకినాడలో లీగు మ్యాచ్‌లకు అంపైరింగ్ చేస్తారు. పోయిన నెల బ్యాట్స్‌మన్ కొట్టిన బంతి నేరుగా ముంజేతికి తగిలి కట్టు వేయించుకున్నారు. హెల్మెట్ కొనమంటే "అందరూ నవ్వుతారు" అంటున్నారు. వికెట్లకు దగ్గరగా నిలబడితేనే ఎల్బీ (కాలికి తగిలిన బంతికి ఔటా కాదా అన్నది) బాగా తెలుస్తుందట! మీరైనా చెప్పండి సార్.
– ఒక గృహిణి, కాకినాడ

జవాబు: నవ్వేవాళ్లను నవ్వనివ్వమనండమ్మా. 2016 జనవరిలో కాన్‌బెర్రాలో మన జట్టు ఆడిన వన్డేకి ఆస్ట్రేలియా అంపైర్ జాన్ వార్డ్ హెల్మెట్‌తోనే దిగారు. అంతకు కొన్ని వారాల ముందే దిండిగల్‌లో రంజీ మ్యాచ్‌లో బంతి తలకు తగిలి ఆసుపత్రి పాలయ్యారాయన. మరో అంపైర్ బ్రూస్ ఆక్సెన్‌ఫర్డ్ అయితే చేతికి డాలు కట్టుకుని నిలబడేవారు.

అంపైరింగ్ చేసే రోజుల్లో దగ్గరగా నిలబడే పట్టుదల నాకూ ఉండేది. బౌలర్ వేళ్లకు తగిలి దారి మళ్లిన బంతి ఒకటి భుజం పక్కనుంచి దూసుకుపోయాక రెండడుగులు వెనక్కి జరిగాను. ఎల్బీలు ఏమీ చెడలేదు. పైగా తల పెద్దగా కదపకుండానే నోబాల్ గీతా, బ్యాట్స్‌మన్ కాలూ రెండూ కనిపించేవి.

ఎదురుగా వచ్చే బంతి కనీసం కళ్లకు కనిపిస్తుంది. నాకు భయం ఫీల్డర్లు విసిరే త్రోలంటేనే. 2016లో ముంబై టెస్టులో అంపైర్ పాల్ రీఫెల్ తలకు తగిలింది త్రోనే. 2020 రాజ్‌కోట్ రంజీ ఫైనల్లో మన హైదరాబాద్ అంపైర్ షంషుద్దీన్ గారికి పొత్తికడుపు కింద తగిలిందీ త్రోనే. ఆయన తప్పుకోవడంతో రెండో అంపైర్ అనంతపద్మనాభన్ కొంతసేపు రెండు వైపులా తానే బౌలర్ దగ్గర నిలబడాల్సి వచ్చింది. అందుకే బంతి ఎటు వెళితే అటే జరగమనండి, దాని మీంచి చూపు తీయొద్దనండి.

నా తప్పు కూడా చెబుతాను. బంతుల లెక్కకు జేబులో ఆరు చింతగింజలు పెట్టుకునేవాణ్ణి, బంతికొకటి ఆ జేబులోంచి ఈ జేబులోకి. ఓసారి పరుగు అయిపోయిందనుకుని గింజ మారుస్తున్నాను. త్రో వచ్చి మోచేతికి తగిలింది. చెయ్యి జేబులో ఇరుక్కుపోయింది, అడ్డం పెట్టుకోవడానికి కూడా లేదు!

చివరికి నన్ను ఇంట్లో కూర్చోబెట్టింది మాత్రం మోకాళ్లే. 40 ఓవర్ల మ్యాచ్‌లో రెండు ఇన్నింగ్స్‌కీ కలిపి ఒక్కో అంపైర్ బౌలర్ వైపు 240 బంతులు చూడాలి. ప్రతి బంతికీ వంగేవాణ్ణి. మీ వారిని నిటారుగానే నిలబడమనండి.

హెల్మెట్ మీరే కొనేయండి. సిక్సర్‌కి రెండు చేతులూ పైకెత్తాలి కదా, దెబ్బ తగిలిన చెయ్యి నొప్పి లేకుండా లేచేదాకా ఆదివారాలు ఇల్లు కదలనివ్వకండి.